మోగని కాళ్లు

మా మరిది కోటి మెటల్ డిటెక్టర్ కొన్న వారానికి మా వీధిలో నేల కింద ఇనుమన్నది మిగల్లేదు. నీళ్ల తొట్టి కింద సైకిలు గంట, దొడ్లో విరిగిన కొడవలి, ఎవరో ఎప్పుడో పారేసుకున్న తాళంచెవులు, అన్నీ బయటికొచ్చాయి. దొరికినదాన్నల్లా కడిగి అరుగు మీద ఆరబెట్టేవాడు. వీధిలోవాళ్లు వచ్చి ఎవరివి వాళ్లు ఏరుకుని పోయేవారు. బంగారం మాత్రం దొరకలేదు. అతను మిషను కొన్నది బంగారం కోసమే.

ఆ బంగారం ఎక్కడ పోయిందో మా క్యాంపులో అందరికీ తెలుసు. గుంటూరు వైపు నుంచి తుంగభద్ర కాలవ కిందికి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. మాది బాళగనూరు దగ్గర. ఇక్కడికి వచ్చి రెండు తరాలైనా మా ఇంట్లో ఒక పద్ధతి పోలేదు. నాట్లు మొదలయ్యే రోజున ఇంటి పెద్దావిడ మెడలో కాసులపేరు వేసుకుని మడిలోకి దిగి, ఈశాన్యం మూల మొదటి గుప్పెడు నారు నాటాలి. ఆ తరవాతే కూలీలు దిగుతారు. కిందటి శ్రావణంలో మా అత్తగారు లక్ష్మీతిరుపతమ్మ అలాగే దిగారు. ఇంటికొచ్చి చూసుకుంటే పేరు తీగ తెగి ఉంది. ఐదు కాసులు లేవు.

నాట్ల ముఠా పెద్ద అయ్యమ్మది పక్క ఊరు. మా మళ్లలో ఏటా ఆమె మనుషులే నాటేవారు. "పెద్దమ్మ మడిల పడ్డది, నేను లేపిన. ఆడనే పడి ఉంటయ్," అని ఆమె ఆ రోజే చెప్పింది. అత్తగారు ఒప్పుకోలేదు. "నేను పడటమేమిటి? గట్టెక్కుతుంటే అది నా భుజం పట్టుకుంది, అంతే," అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. భుజానికీ మెడకీ మధ్య ఎంత దూరమో క్యాంపులో అందరూ ఎవరికి వాళ్లు కొలుచుకున్నారు.

మా ఆయన మాత్రం తల్లితో వాదించేవారు. "అయ్యమ్మ అలాంటి మనిషి కాదమ్మా. నిజం చెప్పు, పడ్డావా?" అని అడిగేవారు. మాఘంలో ఆయన పోయారు. ఆ తరవాత ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్లు లేకపోయారు. ఈ ఏడు నాట్లకు అత్తగారు లింగసుగూరు వైపు నుంచి వేరే ముఠాను మాట్లాడారు. మమ్మల్ని చూసి క్యాంపులో మరి కొన్ని ఇళ్లవాళ్లూ అయ్యమ్మకు కబురు పెట్టలేదు. అన్నగారిలా తల్లితో వాదించడం కోటికి రాదు. అతను మిషను కొన్నాడు.

రెండో పంటకు నీళ్లు రాక మడి కోత అయినప్పటి నుంచీ ఎండిపోయి ఉంది. ఆ ఆదివారం కాలవకు నీళ్లు వదిలారు. సాయంత్రానికల్లా మా మడిలోకి వస్తాయి. ఆ తరవాత దమ్ము చేసి బురదగా కలియదున్నితే కాసులు ఎక్కడికి పోతాయో ఇక ఎవరికీ తెలియదు. నేను బళ్లో లెక్కలు చెబుతాను. ఆదివారం కావడంతో టీ ఫ్లాస్కూ టిఫినూ పట్టుకుని మడికి వెళ్లాను. గట్టు మీద అయ్యమ్మ అప్పటికే నిలబడి ఉంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"అయ్యమ్మా, కూర్చోరాదూ," అన్నాను.

"కూసోను టీచరమ్మా. మడిల కాలు గుడ పెట్ట. ఈడ నిలబడి సూస్త. దొరికితె మీ బంగారం మీకు, నా పేరు నాకు."

కోటి మిషను మోచేతికి బిగించుకుని మడిలో దిగాడు. అతని భార్య చిట్టి చెప్పులు గట్టు మీద వదిలేసి, ముందు నడుస్తూ ఎండిన వరి దుబ్బులను కాలితో అణచి దారి చేస్తోంది. నాలుగడుగులు వేశారో లేదో మిషను కుయ్యిమంది.

"ఆగు! ఇక్కడే!"

గునపం వేసి తవ్వాడు. నల్లరేగడి పెళ్లలు తప్ప ఏమీ లేదు. రెండడుగులు వేశాక మళ్లీ కుయ్యి. మళ్లీ గొయ్యి. ఇంకో రెండడుగులు. ఇంకో గొయ్యి.

"లోతుకి దిగిపోయినట్టున్నాయి వదినా. నెర్రెల్లోంచి జారి ఉంటాయి. కానీ ఉన్నాయి! మడి నిండా ఉన్నాయి!"

"ఐదేగా పోయింది?" అన్నాను.

"మనవి ఐదు. మిగతావి రాయల కాలంవి అయ్యుంటాయి."

ఈ మాట రోడ్డు మీదికి వినిపించింది. పాల క్యానులతో మోపెడ్ మీద పోతున్న అమరప్ప బండి ఆపాడు. "ఏంది కోటన్నా, నిధి సిక్తా, దొరికిందా?" అని కేకేశాడు. నిధి అనే మాట చెవిన పడ్డాక ఈ ప్రాంతంలో ఎవరూ తమ పనికి తాము పోలేరు. చూస్తుండగా గట్టు నిండిపోయింది. ఎవరో మండక్కి బొరుగులు, మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

చిట్టి అలిసిపోయి దుబ్బుల మీద చతికిలబడి టీ తాగుతోంది. కోటి ఆమె చుట్టూ మిషను తిప్పాడు. అది ఆగకుండా అరిచింది.

"లే! లే! చిట్టీ, నువ్వు బంగారం మీద కూర్చున్నావే!"

చిట్టి గ్లాసు వదిలేసి ఒక్క గెంతు గెంతింది. కోటి అక్కడ మోకాలి లోతు తవ్వాడు. జనం ముందుకు వంగారు. ఒక ఎండ్రకాయ బయటికొచ్చి, అందర్నీ చూసి, మళ్లీ లోపలికి పోయింది.

అప్పటికి గోతుల వరస నా కంటికి ఆనింది. అవి జంటలు జంటలుగా, కాస్త ఎడంగా, చిట్టి నడిచిన దారినే ఉన్నాయి. చిట్టి ఆగినచోట ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

"చిట్టీ, కాస్త అటు పక్కకు వెళ్లి నిలబడు," అన్నాను.

వెళ్లింది. మిషను అక్కడ కూసింది. ఇంకో పక్కకు వెళ్లమన్నాను. అక్కడ కూసింది.

"వదినా," అన్నాడు కోటి నోరు తెరిచి, "బంగారం కదులుతోంది!"

"బంగారం కాదు కోటీ. మెట్టెలు."

గట్టు మీద ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత అందరికీ ఒకేసారి అర్థమైంది. అమరప్ప నవ్వుతూ పాల క్యాను మీద పడ్డాడు.

"పొద్దున్నుంచీ మీరు నా కాళ్లు తవ్వుతున్నారా అండీ!" అంది చిట్టి.

ఆమెను గట్టెక్కించాం. కోటి ఒక్కడే మొదలుపెట్టాడు. మిషను మళ్లీ మోగింది. ఈసారి ఎడమవైపు ఊపినప్పుడల్లా మోగుతోంది, కుడివైపు ఊపితే నిశ్శబ్దం.

"ఎడంపక్కంతా బంగారమే!" అని అరిచాడు. మడి చివరిదాకా పోయి వెనక్కి తిరిగాడు. ఇప్పుడూ ఎడమవైపే మోగింది. అంటే, ఇందాక ఏమీ లేదన్న వైపు.

"కోటన్నా, బంగారం నీ ఎంబడే వస్తున్నది!" అన్నాడు అమరప్ప.

చిట్టి గొంతు సవరించుకుంది. "ఏవండీ, బండి మీంచి పడ్డప్పుడు రాయచూర్లో మీ చీలమండకి స్టీలు ప్లేటు వేశారు కదండీ."

కోటి తన ఎడమ కాలి వైపు చూశాడు. మిషను కర్ర చివరనున్న గుండ్రటి చక్రాన్ని మెల్లగా దాని దగ్గరికి తెచ్చాడు. అది పెళ్లిబాజాలా మోగింది. అతను అక్కడే కూలబడ్డాడు.

అప్పుడే మా అత్తగారు వచ్చారు. మామగారికి మోకాళ్ల నొప్పులు. ఆయనకు అన్నం పెట్టి, గొడుగు వేసుకుని నడిచి వచ్చేసరికి మడి పందులు పడ్డట్టుంది. సంగతి విని, "ఇంకెవరున్నారు?" అన్నారు.

"నేను మెట్టెలు తీసేసి దిగనా అత్తయ్యా?" అంది చిట్టి.

"నోర్ముయ్! మొగుడు నిక్షేపంగా ఎదురుగా ఉంటే మెట్టెలు తీస్తానంటావా!"

అనేశాక ఆవిడకు నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చింది. నా కాళ్లు చూడకుండా ఉండటానికి అందరూ ఒక్కసారే కాలవ వైపు చూశారు. ఎవరో నమలడం మానేశారు.

అమరప్ప ముందుగా తేరుకున్నాడు. "నేను దిగనా పెద్దమ్మా? నా కాళ్లకేం లేదు, చెప్పులు గుడ లేవు."

"వొద్దు," అంది అయ్యమ్మ. "బయటోళ్లెవ్వరు దిగొద్దు. దొరికినంక అయ్యమ్మనే ఇచ్చి పెట్టిపిచ్చింది అంటరు. ఇంటోళ్లకే దొరకాలె."

"ఇంట్లో ఇంకెవరే ఉన్నారు?" అన్నారు అత్తగారు.

"టీచరమ్మ ఉంది గద. టీచరమ్మ కాళ్లకేం లేవు గద."

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. అయ్యమ్మ వాళ్లవైపు తిరిగింది. "ఏంది గట్ల సూస్తరు? లేనిది లేదన్న. మెట్టెలు లేవు, పట్టీలు లేవు, కాల్ల ఇనుము లేదు. గంతకంటె మంచి కాళ్లు ఈ మిషనుకు యాడ దొరుకుతయ్?"

ఒక శబ్దం వినిపించింది. అది నా నోట్లోంచే వచ్చిందని తెలియడానికి కాస్త సమయం పట్టింది. నేను నవ్వుతున్నాను. ఆపుదామనుకున్నాను, ఆగలేదు. ఆ కాళ్లను చూసి తలలు తిప్పుకున్నవాళ్లనే నేను ఇన్ని నెలలూ చూశాను. వాటికి ఉద్యోగం ఇచ్చినవాళ్లు లేరు. చిట్టి భయంగా నా చేయి పట్టుకుంది. తరవాత ఆమె కూడా నవ్వింది.

అత్తగారు నా వైపు చూశారు. "దిగు లలితా," అన్నారు.

దిగాను. మిషను బరువు అంతగా లేదు. కోటి గట్టు మీద నుంచి పాఠం మొదలుపెట్టాడు.

"కిందకి వదినా! ఇంకా కిందకి! గాల్లో ఊపకు! చీరకి ఇస్త్రీ చేస్తున్నట్టు! మడత మీద మడత రావాలి! నీ పక్కన చోటు వదలకు!"

జీవితంలో మొదటిసారి అతను నాకు పాఠం చెబుతున్నాడు. బాగా చెప్పాడు. నిజంగా మిషను ఇప్పుడు వేరే మిషనులా ఉంది. నేను ఎక్కడ నడిచినా అది మౌనంగా ఉంది. మోగిందంటే నేలలో ఏదో ఉన్నట్టే. ఈశాన్యం మూల నుంచి వరసలుగా మొదలుపెట్టాను.

మొదటి చప్పుడుకి తవ్వితే చిన్న గుండ్రటి వెండి రంగు రేకు వచ్చింది. పురుగుమందు సీసా మూత కింద అంటించి ఉంటుందే, అది. రెండోదీ రేకే.

"అదే వదినా చిక్కు," అన్నాడు కోటి. "బంగారానికీ ఈ రేకుకీ మిషను ఒకటే అంకె చూపిస్తుంది. రేకు వద్దని మీట నొక్కితే బంగారాన్ని కూడా వదిలేస్తుంది."

అంటే ప్రతి చప్పుడుకీ తవ్వాలి. మేం ఎన్ని మందులు కొట్టామో ఆ రోజు తెలిసింది. నేను వంగి తవ్వడం, గట్టు మీద అందరూ ఊపిరి బిగబట్టడం, నేను చెయ్యెత్తి చూపించడం. "రేకూ!" అని జనమంతా ఒక్క గొంతుతో అరవడం. కాసేపటికి నేను వంగేసరికే మొదలుపెట్టేవారు. మధ్యలో కోత మిషను బోల్టు ఒకటి వచ్చింది. దానికి చప్పట్లు కొట్టారు. ఎండ నడినెత్తికెక్కింది, చీర కుచ్చెళ్లు దోపుకున్నాను, మోచేతుల దాకా మట్టి. బళ్లో నన్ను ఇలా ఎవరైనా చూస్తే గుర్తుపట్టరు. ఆ ఆలోచన కూడా నాకు నవ్వే తెప్పించింది.

ఈశాన్యం మూల అయిపోయింది. కాసు లేదు.

"అక్కడే ఉండాలి," అన్నారు అత్తగారు. "నేను దిగింది అక్కడే. మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. లేదు. పొద్దుటి నుంచీ అయ్యమ్మ చేతులు వెనకనే ఉన్నాయి. ఎక్కడ వెతకాలో ఆమెకు తెలుసని నాకు తెలుసు. అడిగాను.

"నేను చెప్ప టీచరమ్మా. నేను జాగ సూపిచ్చి ఆడ దొరికితె, పెట్టినదానికే తెలుస్తది అంటరు. పెద్దమ్మ నోట్లకెంచి రావాలె."

అప్పుడే, నీళ్లు చూడ్డానికి వెళ్లిన అమరప్ప కాలవ మీద నుంచి మోపెడ్‌ను శాయశక్తులా తోలుకుంటూ వచ్చాడు. "నీళ్లొచ్చినయ్! పై తూము దాటినయ్! బోదెల పడ్డయ్!"

అందరం మడికి నీళ్లు తెచ్చే బోదె వైపు చూశాం. దుమ్మునూ చెత్తనూ నెట్టుకుంటూ ఎర్రటి నీళ్లు నాలుకలా ముందుకొస్తున్నాయి. మడిని ఇంకా వరసలుగా వెతకాలంటే రాత్రి అవుతుంది. అత్తగారు నీళ్లను చూశారు, నన్ను చూశారు, అయ్యమ్మను చూశారు. గొడుగు మూసేశారు.

"అక్కడ కాదే!" అని అరిచారు. "ఇదిగో, ఈ మురుగుబోదె పక్కన. ఇక్కడ పడ్డాను. వెల్లకిలా పడ్డాను. చాలా?"

కోటి గట్టు మీద లేచి నిలబడ్డాడు.

"మరి ఇన్నాళ్లూ..." అన్నాడు కోటి.

"మీ అన్నయ్య అన్నాడురా. 'అమ్మా, నీకు కళ్లు తిరుగుతున్నాయి. ఈసారి మడిలో పడ్డావంటే వచ్చే ఏటి నుంచి దిగనివ్వను' అన్నాడు. అందుకని పడలేదన్నాను. తరవాత మాట మార్చుకోవడానికి వీల్లేకపోయింది." ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకున్నారు. "ఇప్పుడు ఆపేవాడు లేడుగా. ఎవరికి దాచను?"

నీళ్లు వస్తున్నాయి. పరుగెత్తాను. చదువు చెప్పేవాళ్లు మామూలుగా పరుగెత్తరు. గోతులు తప్పించుకుంటూ గెంతుకుంటూ వెళ్లాను.

అత్తగారు నాకంటే ముందే అక్కడికి దిగారు. "ఇదిగో ఇలా నడుస్తున్నానా, ఇక్కడ జారిందా, ఇలా కూలబడ్డానా," అంటూ నిజంగానే కూర్చున్నారు. మిషను గగ్గోలు పెట్టింది.

"అత్తయ్యా, మీరు లేవాలి. మీరే మోగుతున్నారు."

"నేనా?"

"మెట్టెలు, గాజులు, పుస్తెలు, మొత్తం మీరే."

ఆవిడ పాకుతూ పక్కకు జరిగారు. మిషను చప్పబడింది. ఆవిడ కూర్చున్నచోట ఇస్త్రీ చేసినట్టు ఒకసారి తిప్పాను. చిన్నగా, గుండ్రంగా ఒక చప్పుడు. గునపం కొసతో పెళ్ల లేపి చేత్తో చిదిపాను.

"రేకూ!" అంది జనం.

నేను చెయ్యెత్తాను. అరచేతిలో లక్ష్మీదేవి బొమ్మ ఉంది.

ఆ తరవాత ఎవరేమన్నారో నేను చెప్పలేను. కోటి ప్లేటున్న కాలితోనే గంతులేశాడు. అమరప్ప మోపెడ్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అయ్యమ్మ ఒక్కతే అరవలేదు. వెనక కట్టుకున్న చేతులు విప్పి, గట్టు మీద మెల్లగా కూర్చుంది.

రెండోది జానెడు దూరంలో దొరికింది. మూడూ నాలుగూ ఒకే పెళ్లలో ఉన్నాయి. ఐదోది తవ్వుతుండగా నీళ్లు వచ్చేశాయి. మట్టి నా కాళ్ల కింద మెత్తబడింది. "చక్రం తడిసినా ఫరవాలేదు వదినా, ఆపకు!" అని కోటి కేకలు. మిషను నీళ్లలో మోగింది. చేత్తో వెతికితే బురద తప్ప ఏమీ తగల్లేదు. కాలితో వెతికాను. బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య చల్లగా, పల్చగా ఏదో దూరింది. ఆ వేళ్లతోనే పట్టి పైకి తీశాను.

కాసులు కొంగున ముడివేసి గట్టెక్కాను. అత్తగారు మాత్రం ఎక్కలేకపోయారు. నీళ్లు తాగిన నల్లరేగడి ఆవిడ కాళ్లను పిక్కల దాకా పట్టేసింది. "అయ్యమ్మా, చెయ్యియ్యవే," అన్నారు.

అయ్యమ్మ చేతులు మళ్లీ వెనక్కి పోయాయి. "పట్ట."

"పట్టుకోవే తల్లీ. పడతాను."

"నిరుడు పట్టినందుకే ఏడాది పొడుగున మొకం దాసుకుని తిరిగిన. మళ్ల పడితె ఇంకేం పోతయో."

జనం మళ్లీ నవ్వడం మొదలుపెట్టారు. అత్తగారు బురదలో ఊగుతూ నిలబడి గట్టు వైపు తిరిగారు. "అందరూ ఇటు చూడండి! అయ్యమ్మ నన్ను పట్టుకుంటోంది. నిరుడు కూడా ఇదే పట్టుకుంది. నేను పడితే లేపింది. కాసులు నేను పడ్డప్పుడు నా మెడలోంచి నేల మీద పడ్డాయి. ఇది వాటిని ముట్టుకోలేదు. వినబడిందా?"

"రోడ్డు మీదోళ్లకు వినపళ్లే పెద్దమ్మా," అంది అయ్యమ్మ.

ఆవిడ ఇంకా గట్టిగా, అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చెప్పారు. మోపెడ్ హారన్ రెండుసార్లు జవాబిచ్చింది. అప్పుడు అయ్యమ్మ చీర ఎగదోపి మడిలోకి దిగింది. అత్తగారి చంకల కింద చేతులు వేసి ఒక్క గుంజు గుంజింది. కాళ్లు ఊడొచ్చాయి, ఇద్దరూ వెనక్కి పడ్డారు. నీళ్లు ఎగిరి చిట్టి మీద పడ్డాయి.

బురదలో కూర్చునే అత్తగారు అన్నారు, "ఎల్లుండి నుంచి నాట్లకు రావే."

"ఎల్లుండి యాడ? మీరు పిల్వకపోతిరి, గబ్బూరోళ్లకు మాటిచ్చిన. గంత దూరం పోవుడు నాకేమన్న సరదానా?"

"లింగసుగూరు వాళ్లని వద్దంటాను. నారు ముదిరిపోతుందే."

"ముదురుతది." అయ్యమ్మ మొహం మీది బురద తుడుచుకుని వేళ్ల మీద మనుషులను లెక్కపెట్టుకుంది. "సగం మందిని గబ్బూరుకు తోల్త. సగం మందిని తీస్కోని నేనొస్త. గని ఒక మాట. తొలి నాటు గట్టు మీద కూసోనే ఎయ్యాలె. మడి నడుమకు నిన్ను రానియ్య. వస్తె మా ఆడోళ్లందరిని తీస్కోని ఎల్లిపోత."

అత్తగారు కోప్పడతారనుకున్నాను.

"సరేనే," అన్నారు. "ముందు నన్ను లేపండి."

కోటీ, చిట్టీ, అయ్యమ్మా, నేనూ నలుగురం పట్టాం. నా మోచేతికి మిషను ఇంకా అలాగే ఉంది. ఆపడం ఎవరికీ గుర్తులేదు. ఆవిడ లేచేంతవరకూ, ఆ ఒళ్లంతా బంగారమన్నట్టు, అది మోగుతూనే ఉంది.